తెల్లకొంగ, కలివికోడి

మేతకు పోయిన ఆవు పొద్దుగూకినను ఇల్లు చేరనప్పుడు దానిని వెదకుచు కంపచెట్ల నడుమ తిరుగు పిల్లలను కర్నూలు, కడప సీమల పల్లెలలో చూడనివారుండరు. అమెరికా దేశపు చిన్నకథలలో మిక్కిలి పేరుగన్నదొకటి సరిగా ఇట్టి సంజవేళనే మొదలగుచున్నది. తొమ్మిదేండ్ల బాలిక సిల్వియా తన అవ్వగారి ఆవును అడవిదారిన ఇంటికి తోలుకొని పోవుచున్నది. ఆ ఆవు టక్కరిది. కదలక నిలుచున్నచో మెడలోని గంట మ్రోగదన్న రహస్యమును అది కనిపెట్టినది! పొదలచాటున ఉలుకుపలుకు లేక నిలిచి పిల్లను ఏమార్చుట దానికొక వినోదము. ఈ కథ ఆసాంతము ఒక మౌనమును గూర్చినదే గనుక, రచయిత్రి తొలి పుటలోనే ఆవుచేత కూడ మౌనము పట్టించినదేమో అని మాకు తోచును.

కథ పేరు "ఒక తెల్లకొంగ". వ్రాసినది సారా ఆర్న్ జూయెట్. అమెరికా ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రములో సౌత్ బెర్విక్ అను ఊర ఆమె 1849లో జన్మించినది. తండ్రి వైద్యుడు. చిన్ననాట ఆయన బండిలో ఎక్కి రోగులను చూడబోవు దారులన్నియు తిరిగినందున, పల్లెటూరి పేదయిండ్ల లోపలి సంగతులు ఆమెకు బాగుగా తెలిసినవి. ఈ కథ 1886లో పుస్తకరూపమున వెలువడినది. ఆమె 1909లో మరణించినది.

ఈ కథకు తెలుగు అనువాదమును మేము ప్రసారము చేసిన పిమ్మట వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్ము చాలనాళ్ళు ఆలోచింపజేసినది. వ్రాసినవారు మెట్టపొలము సాగుచేసుకొను పెద్దమనిషి. కథను మెచ్చుకొనుచునే ఆయన ఒక్క ప్రశ్న వేసినారు: "పిల్ల చేసినది బాగున్నది. కాని ఆ ముసలామె గతి ఏమి? ఆ పది డాలర్లు ఆమెవి కావా?" సాహిత్య విమర్శకులు ఈ కథను గూర్చి వ్రాసినది చాల కలదు. ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగినవారిని మేము అరుదుగా చూచితిమి. కథ వినని పాఠకులకొరకు మొదట కథను చెప్పి, ఆ తరువాత జవాబును మన నేలమీదనే వెదకెదము.

సిల్వియా పుట్టినది కర్మాగారములతో కిక్కిరిసిన ఒక పట్టణమున. ఎనిమిదేండ్లు అచట పెరిగి, పిమ్మట అడవి అంచున ఒంటరియింట కాపురమున్న అవ్వ వద్దకు వచ్చినది. మనుష్యులను చూచిన జంకు. పక్షులు, ఉడుతలు మాత్రము చుట్టపక్కాలు. లాటిన్ భాషలో అడవికి "సిల్వా" అని పేరు, అందుండియే ఈ పిల్ల పేరు వచ్చినది. ఆ సాయంకాలము ఆవు వెంట పోవుచుండగా ఒక ఈల వినబడును. అది పక్షి ఈల కాదు, మనిషి ఈల. భుజమున తుపాకితో ఒక యువకుడు ఎదురగును. దారి తప్పినానని చెప్పి ఆ రాత్రికి ఆశ్రయమడుగును. అవ్వ ఆదరముతో అన్నము పెట్టి పడక చూపును.

అతడు చెడ్డవాడు కాడు. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి. మంచి మాటకారి, చదువుకొన్నవాడు, పక్షిశాస్త్రమన్న ప్రాణము. తాను ఇష్టపడిన పక్షులను కొట్టి, చర్మమొలిచి, లోపల దూది కూరి దాచుకొనుట అతని శాస్త్రాభ్యాసము. అరుదైన తెల్లకొంగ ఒకటి ఆ ప్రాంతమున కనబడినది. దాని గూడు చూపినవారికి పది డాలర్లు ఇచ్చెదనని చెప్పును. ఆ రోజులలో ఆ మొత్తము వ్యవసాయపు కూలివాడు ఎన్నో దినములు ఒళ్ళు వంచినగాని చేతికి రానిది. ఆ డబ్బుతో ఏమేమి కొనవచ్చునో సిల్వియా ఆ రాత్రి ఎంత తలచుకొన్నను తేల్చుకొనజాలకపోయినది. మరునాడు అతని వెంట అడవియంతయు తిరిగినది. అతడు ఆమెకొక జేబుకత్తి బహూకరించినాడు. అంత ఇష్టమని చెప్పుచు పక్షులను ఎందుకు చంపునో మాత్రము ఆ పిల్లకు బోధపడలేదు.

ఆ అడవి అంచున మహాకాయమగు దేవదారు వృక్షమొకటి కలదు. తోడివృక్షములన్నియు నరకబడగా అదొక్కటే మిగిలినది. తెల్లవారకముందే, ఎవరికిని చెప్పక, సిల్వియా దానిమీదికి ఎగబ్రాకును. మొదట ప్రక్కనున్న మరియొక చెట్టెక్కి, అందుండి దీని కొమ్మకు మారి, చేతులు చీరుకొనిపోవుచుండగా కొసకు చేరును. తన జన్మలో మొదటిసారి సముద్రమును చూచును. ఉదయించు సూర్యుని, తన కాళ్ళక్రింద ఎగురుచున్న డేగలను చూచును. అప్పుడు క్రింది బురదనేల నుండి తెల్లని చుక్కవలె ఏదో పైకి లేచి, పెరిగి, దగ్గరగా వచ్చి ఆమె ఉన్న చెట్టు కొమ్మమీదనే వ్రాలును. గూటిలోనున్న జంటపక్షిని పిలుచును. రహస్యము ఇప్పుడు ఆ పిల్లది.

చినిగిన గౌనుతో ఇల్లు చేరిన ఆమెకొరకు గుమ్మము వద్ద ఇద్దరును ఎదురుచూచుచుందురు. అవ్వ కోపించును, యువకుడు లాలించును. పిల్ల నోరు విప్పదు. కొమ్మమీద తనతోపాటు ఉదయమును చూచిన పక్షిని పట్టియిచ్చుటకు ఆమెకు మాట రాదు. అతడు నిరాశతో వెడలిపోవును. జూయెట్ ఇక్కడ ఒక పని చేసినది. దానికే మేము ఆమెకు నమస్కరింతుము. ఆ పిల్ల సుఖపడినదని ఆమె వ్రాయలేదు. అటుపిమ్మట చాలనాళ్ళు ఆ యువకుని ఈల చెవిలో మ్రోగుచుండెననియు, పోగొట్టుకొన్నది తక్కువ కాదనియు ఒప్పుకొని కథ ముగించినది.

ఆ కాలమున అమెరికాలో పక్షి ప్రాణము ఎంత చవుకయో తెలియుటకు ఒక్క లెక్క చాలును. కథ వెలువడిన 1886లోనే ఫ్రాంక్ చాప్‌మన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు న్యూయార్క్ వీథులలో రెండు దినములు షికారు పోయి, పక్షులకు బదులు స్త్రీల టోపీలను లెక్కపెట్టినాడు. 700 టోపీలలో 542 టోపీలకు పక్షి ఈకలో, పక్షులో తగిలింపబడియున్నవి. వానిలో 40 జాతుల పక్షులను ఆయన గుర్తుపట్టినాడు. కొంగలు గుడ్లుపెట్టు ఋతువున వానికి మొలచు సన్నని తెల్లని ఈకలకు గిరాకి హెచ్చు. అందుచేత వానిని గూటివద్దనే చంపెడివారు. పిల్లలు ఆకలితో చచ్చెడివి. సిల్వియా మౌనము వెనుక ఇంత బజారు ఉన్నది.

ఇక మన నేలకు వత్తము.

కడప జిల్లాలో పెన్నానది ఒడ్డున సిద్ధవటము కోట ఎక్కి ఉత్తరముగా చూచినచో లంకమల కొండలు కనబడును. ఆ కొండల దిగువను ఎర్రని గులకనేల, తుమ్మ, రేగు, కలివి పొదలు. కలివి యనగా మన పిల్లలు కోసుకొని నోరు నల్లగా చేసుకొను చిన్న నల్లపండ్ల ముళ్ళపొదయే. పరదేశి చూచినచో అది ఎందుకును కొరగాని బీడనును. ఆ బీడులోనే ప్రపంచమున మరెక్కడను నేడు ఉన్నట్లు రూఢి కాని పక్షి యొకటి కలదు. మనవారు దానిని కలివికోడి యందురు. ఆకారమున పావురమంత, పొడవు 27 సెంటిమీటర్లు, సన్నని కాళ్ళు, గోధుమవన్నె వీపు, రొమ్మున రెండు పట్టీలు. దాని శాస్త్రీయ నామమునకు కూడ రెండు హారములు గలదని అర్థము. ఎగురుటకంటె పరుగెత్తుట దానికి ఇష్టము. పగలు పొదలచాటున కదలక యుండి రాత్రి మేతకు వెడలును. జూయెట్ కథలోని ఆవువలె, కదలకున్నచో కనబడనను విద్య దీనికిని తెలిసినది!

దీనిని శాస్త్రలోకమునకు తెలిపినవాడు థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యమున వైద్యుడుగా పనిచేసి, నెల్లూరు ప్రాంతమున ఉన్నవాడు. 1848లో బ్లైత్ దీనికి శాస్త్రీయ నామము పెట్టినాడు. తరువాత గోదావరి లోయలోను, అక్కడక్కడ మనసీమలోను కనబడినదని కొలది సమాచారములు. 1900లో అనంతపురము వైపున ఒకసారి కనబడినది. అంతే. ఆపైన ఎనుబదియారేండ్లు చూచితిమన్న శాస్త్రజ్ఞుడు లేడు. గ్రంథములలో అది నశించిన జాతిగా లెక్కకు వచ్చినది.

అయితే శాస్త్రజ్ఞులకు కనబడకపోవుట వేరు, ఉండకపోవుట వేరు. లంకమల క్రింద మేకలు మేపువారు, ఉచ్చులొడ్డి కౌజులను పట్టువారు దానిని ఎరుగుదురు. దానికొక పేరే కలదు గదా! బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1985లో ఈ పక్షి బొమ్మలను పట్టుకొని పల్లెపల్లెకు తిరిగి అడిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె చెంత, అచటి వేటగాడొకరు రాత్రి దీపపు వెలుగున ఒక కలివికోడిని పట్టినారు. సంఘమునకు చెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించి లోకమునకు చాటినారు. అప్పటికి 89 ఏండ్ల వృద్ధుడైన సలీం అలీ తన జీవితకాలముననే ఆ వార్త విన్నారు. "ఒక తెల్లకొంగ" అచ్చయిన సరిగా నూరేండ్లకు ఇది జరుగుట కేవలము కాకతాళీయము. అయినను చెప్పక యుండలేకపోయితిమి.

పట్టిన ఆ పక్షి కొలది దినములకే చనిపోయినది. దాని చర్మము బొంబాయిలో భద్రపరుపబడినది.

ఇచ్చట మెయిన్ రాష్ట్రపు కథ మన కథకు తలక్రిందులగుచున్నది. అక్కడ తెలిసిన పిల్ల చెప్పలేదు గనుక కొంగ బ్రతికినది. ఇక్కడ తెలిసిన మనిషి చెప్పినాడు. చెప్పినందున ఒక పక్షి చచ్చినది. చెప్పినందుననే ఆ జాతి ఉన్నదని తెలిసినది; 1988లో దాని బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చినది; లంకమల కొండలలో 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. ఎవరును నోరు విప్పకున్నచో ఆ పొదలను నరికి చదును చేయువేళ అడ్డుపడుటకు ఎవరికిని కారణము దొరికెడిది కాదు. కావున మౌనమే ఉత్తమమని సిల్వియాను చూచి నేర్చుకొనుట కుదరదు. రహస్యమును ఎవరికి చెప్పుచున్నామో, వారి భుజమున ఏమి ఉన్నదో చూచుకొనవలెను.

అటుపిమ్మట ఈ పక్షిని వెదకిన విధానములో మా వృత్తికి సంబంధించిన ముచ్చట యొకటి కలదు. కలివికోడి కంటికి చిక్కదు. సూర్యుడస్తమించి దాదాపు ముప్పాతిక గంట గడచి చీకటి బాగుగా ముసరిన పిమ్మట, కొలదిసేపు మాత్రము, రెండక్షరముల సన్నని కూత మరల మరల కూయును. 2000వ సంవత్సరము తరువాత పంచాపకేశన్ జగన్నాథన్ మొదలైన పరిశోధకులు ఆ కూతను ధ్వనిముద్రణ చేసి, సంధ్య దాటిన పిమ్మట ఆ ముద్రణనే అడవిలో వినిపించి, జవాబు వచ్చునేమోయని చెవులు రిక్కించి కూర్చుండెడివారు. మేమును చీకటిలో ఎవరు వినుచున్నారో తెలియక పలుకువారమే గనుక ఆ ఎదురుచూపు మాకు సులభముగ అర్థమైనది. మరియొక ఉపాయము ఇంకను చవుకైనది. పొదల నడుమ నేలను పట్టీలుగా చదును చేసి మెత్తని మన్ను పరచి, తెల్లవారి దానిపై పడిన అడుగుజాడలను పరీక్షింతురు. ఈ విద్య మన పల్లెలలో దొంగల జాడ తీయువారికి కొత్త కాదు.

ఆ పరిశోధనలలో తేలిన సంగతి మా ఉత్తరము వ్రాసిన పెద్దమనిషి ప్రశ్నకు దగ్గరగా వచ్చును. మేకలవాడును కట్టెలవాడును ఈ పక్షికి శత్రువులని మొదట తోచును. పొదలు మరీ నరికివేసినచో పక్షి ఉండదు, నిజమే. కాని పొదలు మరీ దట్టముగ అల్లుకొన్నను పక్షి ఉండదు. నడుమ నడుమ పరుగెత్తుటకు బయలు కావలెను. మితముగా మేకలు మేసిన చోట ఆ బయలు నిలిచియుండును. అనగా ఆ పక్షికి నచ్చిన ఇల్లు కొంతవరకు పేదవాని మేకలు తీర్చిదిద్దినదే. మనుష్యులనందరను వెలుపలికి తోలి కంచె వేసినంత మాత్రమున ప్రకృతిని ప్రేమించినట్లు కాదని దీనివలన తెలియవలెను.

అయితే ఆ నేలమీదికి వచ్చినది మేకలు మాత్రమే కాదు. కాలువ కూడ వచ్చినది. తెలుగుగంగ సంగతి మన శ్రోతలెరుగనిది కాదు. 1976 నాటి ఒడంబడిక ప్రకారము మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తలా 5 టి.ఎం.సి.ల కృష్ణాజలమును మద్రాసు దాహము తీర్చుటకు వదలుకొన్నవి. శ్రీశైలము నుండి వెలుగోడు, బ్రహ్మంసాగరము, సోమశిల, కండలేరు మీదుగా నాలుగు వందల కిలోమీటర్లు దాటి ఆ నీరు పోవలెను. 1996లో తమిళనాడు సరిహద్దును చేరినది. పోవుదారిలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతములందు సుమారు 5.75 లక్షల ఎకరములు తడుపవలెనని సంకల్పము. వాన ముఖము చూచి విత్తనము చల్లి, అప్పు చేసి బోరు వేసి, అది ఎండిపోగా మరియొకటి వేయు రైతునకు ఆ కాలువ యనగా ఏమో వేరే చెప్పనక్కరలేదు. సిల్వియాకు ఎదురైనది పది డాలర్లు. ఇచ్చట ఎదురైనది నీరు.

2005లో కాలువ త్రవ్వకము అనుమతి లేకయే కలివికోడి ఉండు అడవిలోనికి చొచ్చుకొని వచ్చినది. అడుగుజాడలు వెదకుచున్న పరిశోధకులకు యంత్రముల జాడలు కనబడినవి. వారు ఫిర్యాదు చేయగా పని నిలిచినది. వ్యవహారము సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘము వరకు పోయినది. తుదకు కాలువ దారి మార్చవలెనని నిర్ణయమైనది. పక్షికొరకు అదనముగ కొంత భూమిని సేకరించుటకు ప్రభుత్వము పూనుకొన్నది. నీటిని నిలిపివేసి పక్షిని కాపాడలేదు. కాలువ చుట్టు తిరిగి పోవలెనన్నారు. ఆ చుట్టుదారికి అయిన ఖర్చు ప్రభుత్వ ధనాగారము నుండి, అనగా మనయందరి నుండి, పోవలసినదైనది.

మా జవాబు ఇచ్చటనే ఉన్నది. కొంగ బ్రతుకవలెనని కోరువారు వేయిమంది. పది డాలర్లు పోగొట్టుకొన్నది ఒక్క అవ్వ. ఆమె ఇంట తిండి తిని, పడక పొంది, అడవియంతయు ఉచితముగ తిరిగిపోయిన యువకుడు గూడు చూపనందుకు ఒక్క డాలరైనను పెట్టలేదు. కథ సిల్వియా వైపు తిరిగియుండుట వలన ఆ సంగతి మన కంటికి ఆనదు. మా పెద్దమనిషి కంటికి ఆనినది. ప్రకృతి ధనముకంటె గొప్పదని మేమును నమ్ముదుము. కాని ఆ గొప్పతనమునకు వెల ఇంటిలో ఆవు ఒక్కటే ఉన్న ముసలామె చెల్లించుచుండగా, తక్కినవారు కథ చదివి కన్నీరు తుడుచుకొనుట న్యాయము కాదు.

ఇది చెల్లింపని చోట ఏమగునో కర్నూలు సీమ చూచినది. నేడు నంద్యాల జిల్లాలో చేరిన రోళ్ళపాడు వద్ద బట్టమేకపక్షికొరకు 1988లో అభయారణ్యము ఏర్పరచినారు. మీటరు ఎత్తున నిలిచి, గడ్డిబయళ్ళలో దొరవలె నడచు పెద్దపక్షి అది. ఏటికొక్క గుడ్డు, అదియు వట్టి నేలమీద పెట్టును. అభయారణ్యపు విస్తీర్ణము 6 చదరపు కిలోమీటర్లకు ఇంచుక ఎక్కువ. అందు పక్షి వృద్ధి చెందుటకు బదులు కృష్ణజింకలు వృద్ధి చెందినవి. అవి కంచె దాటి చుట్టుప్రక్కల పైరుమీద పడినవి. జింకను కొట్టినచో నేరము. పైరు పోయినచో అడుగు నాథుడు తక్కువ. మొదట ఆ పక్షిని చూచి గర్వించిన రైతులకే అభయారణ్యమన్న మాట చేదైనది. చుట్టును సేద్యము మారి, గడ్డిబయళ్ళు తగ్గి, ఇటీవలి ఏండ్లలో అచట బట్టమేక దాదాపు కనుమరుగైనది. దేశమంతట కలిపి ఆ జాతి 150కి మించి లేదని అంచనా.

లంకమల, శేషాచలముల కొండలలో ఎర్రచందనపు కథ ఇంకొక తీరు. లోకమున ఈ దిక్కునందే సహజముగ పెరుగు ఆ చెట్టుకు విదేశములలో పలుకు ధర మన ఊహకు అందదు. దానిని నరకి మోయు కూలివానికి దక్కునది కొలదిపాటి డబ్బు, దానితోపాటు చెరసాల. పది డాలర్లు ఆశ చూపువాడు అడవిలో ఎన్నడును కనబడడు.

ఎవరును డబ్బు ఇవ్వకయే, చట్టము చెప్పకయే కొంగలను కాచుకొనుచున్న ఊళ్ళును లేకపోలేదు. ఒకనాటి అనంతపురము జిల్లాలోని, నేటి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు ఊరినడుమ చెట్లమీదనే గూళ్ళు కట్టును. పురిటికి వచ్చిన ఆడపడుచులని ఊరివారు వానిని పిలుతురు. అవి వచ్చిన ఏడు మంచిదని నమ్మకము. వాకిట రెట్ట పడునని విసుగుకొనుటయు కలదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచులమీద ఎవరు విసుగుకొనరు? గూళ్ళమీద మాత్రము చేయి వేయరు. సిల్వియా అవ్వ ఈ ఊర పుట్టియున్నచో మనుమరాలిని కోపించెడిది కాదేమో!

వేటగాని విషయమున మేము కొంత కఠినముగ మాటలాడితిమి. న్యాయముకొరకు మరియొక ముక్క చెప్పవలెను. కలివికోడి గుడ్డు ఎట్లుండునో చాలకాలము ఎవరికిని తెలియదు. 2013లో స్కాట్లండు దేశపు అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో, పాత గుడ్ల సేకరణయందు, ఒక గుడ్డు బయటపడినది. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున ఒక పశువైద్యుడు ఏరి దాచినది. డి.ఎన్.ఏ. పరీక్షలో అది కలివికోడిదేయని తేలినది. ప్రపంచమున ఇంతవరకు గుర్తింపబడిన గుడ్డు అదొక్కటే. ఆనాడు ఏరిన చేయి సిల్వియా ఇంటికి వచ్చిన యువకుని చేయివంటిదే. ఆ చేయి లేకున్నచో కోలారు వరకు ఈ పక్షి ఉండెడిదని మనకు తెలియదు. ఆ గుడ్డు గూటిలోనే ఉండియున్నచో కోలారులో ఒక కలివికోడి ఎక్కువగా ఉండెడిది. ఈ రెంటిలో ఏది మేలో తేల్చి చెప్పుట మా శక్యము కాదు.

2008 తరువాత చాల ఏండ్లు కలివికోడి జాడ నిశ్చయముగ తెలియలేదు. మరల నశించినదేమోయని పలువురు పెదవి విరిచినారు. 2025 ఆగస్టు మాసమున, మన సీమకు వచ్చిన పక్షిప్రేమికుల బృందమొకటి రాత్రివేళ దాని కూతను విని ధ్వనిముద్రణ చేసినది. వారు తుపాకి తేలేదు, వల తేలేదు. ఆ పొదల చుట్టుప్రక్కల పల్లెలలో ఆ కూతను చిన్ననాటనుండి వినుచు, అదేమి పిట్టయో పేరుపెట్టి చెప్పగల వృద్ధులు ఇంకను కొందరు ఉందురు. మా ధ్వనిముద్రణ యంత్రము వారి వాకిటికి ఇంకను పోవలసియున్నది. పోయినప్పుడు వారు ఏమి చెప్పెదరో, ఏమి చెప్పక దాచుకొనెదరో, రెండింటిని అట్లే ప్రసారము చేయగలము.